ఎగ్జిమా దురదకు ఆరేళ్లుగా వాడుతున్న తెల్ల పెట్రోలియం జెల్లీ

మోచేతి మడతల్లోనూ మోకాళ్ల వెనుకా ఎగ్జిమా ఉన్న నేను, సువాసనలేవీ కలపని తెల్ల పెట్రోలియం జెల్లీని ఆరేళ్లుగా రోజూ రెండు పూటలా రాసుకుంటున్నాను. ఇది దురదను అప్పటికప్పుడు ఆపే మందు కాదు. ఆ ఆశతో కొన్నందువల్లే మొదటి డబ్బాను నేను వారానికే పక్కన పెట్టేశాను.

ఎగ్జిమాలో చర్మపు పైపొర బలహీనపడి లోపలి తేమ నిలవదు. ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ సరిగా తయారుకాకపోవడం చాలామందిలో ఇందుకు ఒక కారణం. ఎండిన చర్మం దురద పెడుతుంది, గోకితే పొర చిట్లుతుంది, చిట్లిన చోట వాపు పెరిగి దురద మళ్లీ మొదలవుతుంది. జెల్లీ చేసేదల్లా ఉన్న తేమ బయటికి పోకుండా కప్పి ఉంచడమే కాబట్టి, ఎంత రాశామన్నదానికన్నా ఎప్పుడు రాశామన్నది ముఖ్యమని నాకు ఆలస్యంగా తెలిసింది. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒంటిమీద చెమ్మ ఆరకముందే, అంటే రెండు మూడు నిమిషాల్లోపే, వెంట్రుకలు వాలిన వైపుగా పలుచగా రాయడం మొదలుపెట్టాక తేడా కనిపించింది. మూడో నెలకు, తోలులా మందమై గీతలు పడిన ఎడమ మోచేతి మడత వేలికి మెత్తగా తగిలింది. పొద్దున్నే దుప్పటిమీద కనిపించే చిన్న చిన్న నెత్తుటి మరకలు ఆగిపోయాయి.

అంతమాత్రాన వాపును అణచే స్టెరాయిడ్ పూత అవసరం తీరిపోలేదు. చర్మం ఎర్రబడి ఉబ్బినప్పుడు డాక్టరు రాసిచ్చిన మోమెటాసోన్ అనే స్టెరాయిడ్ పూతను రోజుకొకసారి రాస్తాను. చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండితే వచ్చే దాదాపు అర గ్రాము, రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. మునుపు నెలలో సగం రోజులు వాడవలసివచ్చేది, ఇప్పుడు రెండు మూడు నెలలకొకసారి వారం రోజులు చాలు. జెల్లీ విలువను నేను ఈ లెక్కతోనే కొలుస్తాను. దద్దుర్లకు చక్కగా పనిచేసే సిటిరిజిన్ మాత్ర మాత్రం నాకు నిద్రమత్తు తప్ప మరేమీ ఇవ్వలేదు, ఎందుకంటే ఆ మాత్ర అడ్డుకునేది హిస్టమిన్ అనే అలర్జీ రసాయనాన్ని, ఎగ్జిమా దురదలో దాని పాత్ర తక్కువ.

దురదలన్నీ ఒకటి కావని ఒక చేదు అనుభవం నేర్పింది. తొడమీద గుండ్రని మచ్చ చూపిస్తే, ఒక మందుల దుకాణంలో స్టెరాయిడ్‌నూ ఫంగస్ మందునూ కలిపిన ట్యూబు ఇచ్చారు. వారంలో మాసినట్టే మాసి, ఆపగానే అంచులు చెదిరి రెట్టింపు మేర పాకింది. అది ఫంగస్ వల్ల వచ్చే తామర, స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణచి, ఫంగస్‌ను లోలోపల పెరగనిచ్చింది. గజ్జికీ జెల్లీ పనికిరాదు. దానికి గజ్జి పురుగును చంపే 5 శాతం పెర్మెత్రిన్ పూతను ఇంట్లో అందరూ ఒకేసారి రాసుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. బట్టలకు జిడ్డు అంటుతుంది, ఉక్కగా ఉన్న రోజుల్లో ఒంటిమీద బరువుగా ఉంటుంది. జెల్లీ పీల్చుకున్న గుడ్డ నిప్పు తగిలితే త్వరగా అంటుకుంటుంది కనుక పొయ్యి దగ్గర జాగ్రత్త అవసరం. వేళ్లు ముంచకుండా శుభ్రమైన చెంచాతో తీసుకుంటాను. మచ్చ, పొక్కు ఏదీ లేకుండా ఆరు వారాలకు మించి ఒళ్లంతా దురద పెడుతుంటే మాత్రం డబ్బా తెరవకముందే డాక్టరును కలవాలి, ఎందుకంటే కాలేయం, మూత్రపిండాలు, థైరాయిడ్ జబ్బులూ ఐరన్ లోపమూ అలాగే బయటపడవచ్చు.