పెరటి చెట్టుకు పురుగు పడితే: కాలిఫోర్నియా మాస్టర్ గార్డెనర్ల సేవ

కాలిఫోర్నియాలో ఉంటూ పెరట్లో నిమ్మో నారింజో, కుండీలో కరివేపాకో పెంచుకునేవాళ్లకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా మాస్టర్ గార్డెనర్ల కంటే మంచి దిక్కు లేదు. ఉచితం. యూనివర్సిటీ దగ్గర శిక్షణ పొందిన వాలంటీర్లు వాళ్లు. మా కరివేపాకు లేత ఇగురు ముడుచుకుపోయి, దాని మీద తెల్లటి మైనపు పోగులు కనబడితే ఫొటోలు పంపాను. మందు పేరు చెప్తారనుకుంటే, ముందు చీమలు పాకుతున్నాయా అని అడిగారు. అది ఆసియా సిట్రస్ సిల్లిడ్ అనే పురుగు. అది వదిలే తీపి బంక కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. చీమల్ని ఆపితే, దాన్ని తినే మిత్రపురుగులు పని మొదలుపెడతాయి. అలాగే చేశాం, ఇగురు తేరుకుంది.

ఆ మిత్రపురుగుల్లో ఒకటి టామరిక్సియా, చీమ తలంత కూడా ఉండని కందిరీగ. ఈ యూనివర్సిటీ రివర్‌సైడ్ క్యాంపస్ శాస్త్రవేత్త మార్క్ హాడిల్ బృందం పాకిస్తాన్ పంజాబ్ నుంచి తెచ్చి, పరీక్షించి, 2011లో ఇక్కడ వదిలింది. సిల్లిడ్ పిల్లల కిందే గుడ్లు పెట్టి వాటిని చంపేస్తుంది.

ఇంత హడావుడి ఒక పెరటి మొక్క కోసమా అంటే, కాదు. ఈ పురుగు మోసుకొచ్చే గ్రీనింగ్ అనే తెగులు నిమ్మ, నారింజ జాతి చెట్లను చంపేస్తుంది, దానికి మందు లేదు. ఫ్లోరిడాలో అది 2005లో బయటపడింది. అంతకుముందు 2003-04లో 24 కోట్ల పెట్టెల నారింజ పండిన రాష్ట్రం 2024-25కి సుమారు కోటీ ఇరవై లక్షల పెట్టెలకు పడిపోయింది. తుపానులూ దెబ్బతీశాయి, కానీ నడుం విరిచింది ఆ తెగులే. కాలిఫోర్నియాలో 2012లో తొలిసారి కనబడింది కూడా ఒక ఇంటి పెరట్లోనే. అందుకే మన పెరటి చెట్టు గురించి యూనివర్సిటీ అంత ఓపిగ్గా జవాబిస్తుంది.

ఈ యూనివర్సిటీ వల్ల రాష్ట్రానికి ఏటా 8,200 కోట్ల డాలర్ల ఆర్థిక కార్యకలాపం జరుగుతోందని 2021లో ఒక నివేదిక వచ్చింది. పెద్ద అంకే, కాదనను. కానీ ఎండిపోకుండా నిలిచిన తోట విలువ అలాంటి లెక్కలకు సరిగా అందదు. నా మటుకు అసలు లాభం అదే.

కొత్తగా అంటు కట్టాలనుకునేవాళ్లు రివర్‌సైడ్ వాళ్ల తెగులు లేని మొగ్గపుల్లలే తెప్పించుకోండి, పెరటివాళ్లకూ అమ్ముతారు. స్నేహితుల చెట్టు కొమ్మ మాత్రం వద్దు. నా కోరికల్లా ఒకటే, ఈ సమాచారం గుళ్ల దగ్గరా మన కిరాణా కొట్లలోనూ తెలుగులో అంటించి ఉండాలి. కరివేపాకుకు ఆ తెగులు రాకపోయినా పురుగు దాని మీద బాగా పెరుగుతుంది కాబట్టి, ఊరు మారేటప్పుడు మొక్కను కారులో పెట్టుకునే ముందు క్వారంటైన్ నిబంధనలేమిటో కౌంటీ వ్యవసాయ ఆఫీసులో కనుక్కోండి.