గిట్ బైసెక్ట్: నాలుగేళ్లు వాడాక నా అనుభవం

నారాయణగూడలో మా తమ్ముడికి పెళ్లి వీడియోల స్టూడియో ఉంది. అక్కడి స్టోరేజ్ బాధ్యత నాది. ఐదు 8 టీబీ డిస్కులు, లినక్స్ ఎండీ రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా పోకుండా అన్నిటినీ ఒకటిగా కలిపే ఏర్పాటు). కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) మార్చాక ఏదైనా చెడితే, ఏ మార్పు వల్ల చెడిందో పట్టుకోవడానికి నాలుగేళ్లుగా గిట్ బైసెక్ట్ వాడుతున్నాను. గిట్ అంటే కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ వరుసగా దాచే సాధనం, బైసెక్ట్ అందులోని ఒక ఆదేశం. దాని విలువ నాకు పూర్తిగా తెలిసింది మాత్రం 2024 జనవరిలో.

సంక్రాంతి అయిన వారం తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, కాపీ సగంలో ఆగిపోయింది. మౌస్ కదులుతోంది గానీ ఫోల్డర్ తెరుచుకోవట్లేదు." వెళ్లి చూస్తే ఎండీ0_రెయిడ్5 అనే థ్రెడ్ ఒక కోర్‌ని 100 శాతం తినేస్తోంది. డిస్కు మీద రాయబోయిన ప్రాసెస్ అల్లా 'డి' స్టేట్‌లో, అంటే డిస్కు జవాబు కోసం కదలకుండా ఆగిపోయే స్థితిలో ఇరుక్కుంది. కిల్ చేసినా చావవు. డిస్కులన్నీ బాగానే ఉన్నాయి, రెయిడ్ స్థితి చూపే ఎండీస్టాట్‌లో ఐదు 'యూ'లూ (డిస్కు పనిచేస్తోందన్న గుర్తు) కనిపిస్తున్నాయి. మారింది ఒక్కటే: కెర్నల్ 6.7 నుంచి 6.7.1కి వెళ్లింది.

పాత కెర్నల్‌తో బూట్ చేసి పని నడిపించేశాను. అక్కడితో వదిలేయొచ్చు. కానీ పుష్యమాసం, ముహూర్తాలు లేవు. ఫిబ్రవరి 10న మాఘం వస్తే ఊపిరాడదు. వెతకాలంటే ఇప్పుడే వెతకాలి. అసలు డేటా జోలికి పోకుండా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్న నాలుగు పాత డిస్కులతో వేరే అరే (రెయిడ్ డిస్కుల కట్ట) కట్టాను.

బైసెక్ట్ చేసే పని చాలా తేలిక. ఏది 'గుడ్', ఏది 'బ్యాడ్' అని చెబితే వాటి మధ్యలో ఉన్న కమిట్ (గిట్‌లో దాచిన ఒక మార్పు) తీసి చేతిలో పెడుతుంది. ఆ కోడ్‌తో కెర్నల్ తయారుచేసి (బిల్డ్ చేసి) చూసి మళ్లీ తీర్పు చెప్పాలి. ప్రతిసారీ సగం పోతాయి. ఒక పెద్ద విడుదలకీ తర్వాతి దానికీ మధ్య పద్నాలుగు పదిహేను వేల మార్పులున్నా పద్నాలుగు బిల్డ్‌లు చాలు. నా విషయంలో తేడా కొన్ని పదుల మార్పులే, కాబట్టి ఐదు. కెర్నల్ బిల్డ్‌లో లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అనే ఆప్షన్ వాడితే అవసరమైన మాడ్యూల్సే బిల్డ్ అవుతాయి, అదీ కలిసొచ్చింది.

ఇబ్బందల్లా తీర్పు చెప్పేది మనమే కావడం. 'బ్యాడ్' అనడానికి ఒక్కసారి ఆగిపోతే చాలు. 'గుడ్' అనడానికి ఎంతసేపు చూడాలి? మొదటి విడత రెండు గంటలు కాపీలు నడిపి, ఆగలేదు కదా అని 'గుడ్' కొట్టాను. చివరికి రెయిడ్‌తో ఏ సంబంధమూ లేని ఒక డ్రైవర్ మార్పును చూపించింది. గిట్‌ది తప్పు కాదు, నేను అబద్ధపు సాక్ష్యం ఇచ్చాను. ఇచ్చిన తీర్పులన్నీ ఉండే బైసెక్ట్ లాగ్ దాచుకున్నాను గనక, అనుమానమున్న 'గుడ్' దగ్గర్నుంచి కింది వరుసలు తీసేసి, మిగిలినవాటితో రీప్లే చేసి అక్కణ్నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఒక్కో కెర్నల్‌కి ఒక రాత్రంతా. పొద్దున లేవగానే కెర్నల్ లాగ్‌లో "120 సెకన్లకు మించి ఆగింది" అన్న హెచ్చరిక ఉందా అని చూసేవాణ్ని.

ఐదో పొద్దున దొరికింది. ఎండీ రెయిడ్ 5 కోడ్‌లో అంతకుముందు చేర్చిన ఒక 'వెయిట్'ను వెనక్కి తీసుకున్న మార్పు అది. ఆ వెయిట్‌ను తీసింది ఊరికే కాదు: సూపర్‌బ్లాక్ (రెయిడ్ తన వివరాలు డిస్కు మీద దాచుకునే చోటు) రాసేదాకా ఆగమని చెబితే, ఆ రాయాల్సిన థ్రెడ్ తన కోసం తానే ఎదురుచూస్తూ డెడ్‌లాక్ అయ్యేది. ఉంచితే డెడ్‌లాక్, తీసేస్తే హ్యాంగ్. తర్వాత ఆ తీసివేతనే తీసేశారు, డెడ్‌లాక్‌కి కొన్నాళ్లకు విడిగా మందు వేశారు. అందుకే చెబుతున్నాను, బైసెక్ట్ చూపించేది జ్వరం ఏ రోజు మొదలైందో, రోగం ఏమిటో కాదు. ఆ రోజు తెలిస్తే ఆ కోడ్ చూసుకునే మెయింటెయినర్‌కి సగం పని తగ్గుతుంది, అది మాత్రం నిజం.

మౌనంగా డేటా పాడుచేసే తప్పులకు ఇది అంతగా పనికిరాదు. కెర్నల్ 3.14లో వేర్వేరు సైజుల డిస్కులున్న రెయిడ్ 0 (డేటాను డిస్కుల మధ్య పంచి రాసే పద్ధతి) లేఅవుట్, అంటే ఏ ముక్క ఎక్కడన్న లెక్క, ఎవరికీ తెలియకుండా మారిపోయింది. 2019లో 5.4 వచ్చేదాకా దానికి కాపలా పడలేదు. ఏది చెడిందో కనిపించకపోతే దేన్ని 'బ్యాడ్' అంటాం?

మధ్యలో కొన్ని కమిట్లు బిల్డే కావు. వాటిని దాటేయడానికి 'స్కిప్' ఉంది గానీ, ఎక్కువసార్లు వాడితే చివరికి ఒక్క పేరు కాకుండా ఓ గుంపును చూపించి ఊరుకుంటుంది. తప్పు నిమిషాల్లో బయటపడేదైతే తీర్పులు తనే చెప్పుకునేలా బైసెక్ట్ రన్‌కి ఒక స్క్రిప్ట్ ఇచ్చి పడుకోవచ్చు. రాత్రికి ఒకసారి వచ్చే తప్పు, పెద్ద విడుదలల మధ్యదైతే, పద్నాలుగు రాత్రులు ఖాళీ ఉంచుకుని మొదలుపెట్టండి.