కుంట పూడిక తీశారు సరే, లాభం ఎలా లెక్కగట్టాలి? రూపాయలా, బోరు మట్టమా, జనం మాటా?

అనంతపురం జిల్లాలో ఒక ఊరివాళ్లు చందాలేసుకుని, తలా ఒక చెయ్యేసి కుంట పూడిక తీశారనుకుందాం. దానివల్ల ఊరికి ఏం ఒరిగిందో చెప్పడానికి మూడు దారులున్నాయి.

దాతలకు నచ్చేది రూపాయల లెక్క. పెట్టిన ప్రతి రూపాయికీ ఎన్ని రూపాయల మేలు జరిగిందో తేల్చే ఈ పద్ధతిని ఎస్‌ఆర్‌ఓఐ (సోషల్ రిటర్న్ ఆన్ ఇన్వెస్ట్‌మెంట్) అంటారు. 1990ల్లో అమెరికాలో మొదలైంది. ఇందులో మంచి ప్రశ్న ఒకటుంది: మీరు ఈ పని చేయకపోయినా ఆ మేలు జరిగేదేనా? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని జిల్లాలో ఇది అడిగి తీరాల్సిందే. వానలు బాగా పడిన ఏడాది పూడిక తీయని పక్క ఊళ్లో కూడా బోర్లు పోస్తాయి మరి.

చీనీ (బత్తాయి) చెట్లను బతికించుకోవడానికి తోలించే ట్యాంకర్లు తగ్గితే ఆ డబ్బు లెక్కకొస్తుంది, బిల్లులుంటాయి కాబట్టి. బెంగళూరుకు వలసపోయే మనిషి ఈసారి ఇంటిదగ్గరే ఉండిపోతే దానికి ధర ఎంత? కన్సల్టెంటు ఏదో ఒక ధర కడతాడు. దాన్ని కాస్త పెంచితే చాలు, రూపాయికి మూడు అన్నది ఐదైపోతుంది. అలాంటి అంకెలు పట్టుకుని ఊళ్లకు ర్యాంకులివ్వడం నాకు మింగుడుపడదు.

రెండోది బోరు మట్టం. ఇది మనకు కొత్తేమీ కాదు. భూగర్భజలాల లెక్క రైతులే చూసుకునేలా 2003లో మొదలైన ఏపీఫామ్స్ ప్రాజెక్టులో అనంతపురం, కర్నూలు, కడపతో కలిపి ఏడు జిల్లాల రైతులు ఈ పని చేశారు. రోజూ వాన కొలిచేవాళ్లు. పదిహేను రోజులకోసారి బోరులోకి టేపు దించేవాళ్లు, కొస నీళ్లకు తగలగానే బజర్ మోగేది. ఆ అంకెలు ఊరి గోడమీది బోర్డుకెక్కేవి. రబీకి ముందు ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలకు కావాల్సినవెన్ని అని అందరూ కూర్చుని లెక్క చూసుకునేవాళ్లు. వరి వేయాలా, బుడ్డలు (వేరుశనగ) వేయాలా అన్న మాట అక్కడే వచ్చేది. తప్పు రాస్తే ఆ బోరు రైతే వచ్చి అడుగుతాడు. కన్సల్టెంటు రిపోర్టును అలా నిలదీసేవాళ్లేరీ?

అయితే బోర్డు బోరున్నవాడి సంగతే చెబుతుంది. కూలికి పోయేవాళ్లకు, మేకలు మేపేవాళ్లకు ఏం దక్కిందో అందులో కనబడదు. దానికి మూడో దారి: మీ బతుకులో అన్నిటికన్నా పెద్ద మార్పేది, అదే ఎందుకు అని మనుషుల్నే అడగడం. 1990ల్లో బంగ్లాదేశ్‌లో పుట్టిన పద్ధతి ఇది. చిక్కల్లా కమిటీ అధ్యక్షుడి ఎదుట అడిగితే అందరూ బాగుందనే అంటారు. ఆడవాళ్లను విడిగా, పొదుపు సంఘం మీటింగు రోజున అడగాలి.

కమిటీకి ఒక్కటే ఎంచుకోవాలంటే నా ఓటు బోర్డుకే. వీలుంటే ఏడాదికోసారి జనం మాట కూడా రాసుకోవాలి. రూపాయల లెక్క బిల్లులున్న వాటి వరకే, అదీ దాత అడిగితేనే. ఏది ఎంచుకున్నా జేసీబీ దిగకముందే మన బోర్లతోపాటు పూడిక తీయని పక్క ఊరి రెండు మూడు బోర్ల మట్టం కూడా రాసిపెట్టుకోవాలి. ఆ అంకెలు తర్వాత కావాలంటే దొరకవు.