లేహ్ చలికాలంలో ఐస్ హాకీ: పాఠానికి పూర్తి మార్కులు, అద్దె స్కేట్లకు అత్తెసరు

లద్దాఖ్ వెళ్లే తెలుగువారిలో అధికులు జూన్, సెప్టెంబరు నెలల మధ్య వెళ్లి, పాంగాంగ్ సరస్సు చూసి తిరిగి వస్తారు. జనవరిలో వెళ్లే కొద్దిమందీ గడ్డకట్టిన జాంస్కార్ నదిపై చాదర్ నడక కోసమే వెళ్తారు. అదే నెలలో లేహ్ పట్టణంలో ఐస్ హాకీ పోటీలు జరుగుతాయని, ఆ ఆటగాళ్లలో కొందరు తీరిక వేళల్లో పర్యాటకులకు గంటల లెక్కన స్కేటింగ్ నేర్పుతారని మనవాళ్లలో చాలామందికి తెలియదు. పోటీ చూడటం, పాఠం చెప్పించుకోవడం, స్కేట్లు అద్దెకు తీసుకోవడం అనే మూడింటినీ కలిపి ఒకే సేవగా భావించి ఈ సమీక్ష రాస్తున్నాను. నేర్పే మనుషులకు పూర్తి మార్కులు వేస్తాను. సామగ్రికి మాత్రం అత్తెసరు మార్కులే వేయగలను.

పాఠం జరిగేది చెరువుపైన. లేహ్‌లో కర్జూ, గుపుక్స్ చెరువులు దశాబ్దాలుగా చలికాలపు మైదానాలు. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పట్టణంలో జనవరి రాత్రులు సున్నాకు 15 నుంచి 20 డిగ్రీల దిగువకు పడిపోతాయి కనుక, నీరు దానంతట అదే గడ్డకడుతుంది. అయితే గడ్డకట్టిన చెరువు ఆటకు పనికివచ్చే మైదానం కావాలంటే మనిషి చెయ్యి పడాలి. పగటి ఆటలో బ్లేడ్లు చీల్చిన గాట్లను సాయంత్రం చెక్క పారలతో గీకి, పొడిని ఊడ్చి, చీకటి పడ్డాక గొట్టంతో నీళ్లు పడతారు. పెనంపై దోసె పిండి పరిచినంత పలుచగా నీళ్లు పరచి, ఆ పొర గట్టిపడ్డాకనే మరో పొర వేస్తారు. ఒకేసారి ఎక్కువ నీళ్లు పోస్తే పైన పెంకు కట్టి, కింద గుల్లగా మిగిలిపోతుందట. మరునాడు ఉదయం మనకు అద్దంలా కనిపించే మంచు వెనుక ఉన్న ఈ రాత్రి పని చేసేది ఎక్కువగా ఆటగాళ్లే. ఆ కారణంగానే ఉదయపు పాఠం కోరుకోవడం మేలు. మధ్యాహ్నం ఎండ తగిలాక పైపొర మెత్తబడి బ్లేడు దిగబడుతుంది.

మాకు నేర్పినామె లద్దాఖ్ మహిళల జట్ల స్థాయిలో ఆడిన యువతి. తోటి పిల్లలందరూ ఆమెను 'ఆచే-లే' అని పిలుస్తున్నారు. మన 'అక్కగారూ' వంటి పిలుపు అది. ఆమె ముందుగా నా స్కేటును తిరగేసి, బ్లేడు అంచు మీద బొటనవేలి గోటిని అడ్డంగా లాగి చూశారు. గోరు కొద్దిగా చెక్కుకుపోతే అంచు పదునుగా ఉన్నట్లు లెక్క. నాది జారిపోయింది. ఏమీ అనకుండా తన సంచిలోంచి చిన్న ఆకురాయి తీసి, రెండు అంచులనూ సరిచేసి, ఆ తరువాతే తాళ్లు కట్టించారు. చీలమండ దగ్గర బిగుతుగా, వేళ్ల దగ్గర కాస్త వదులుగా కట్టాలని చెప్పి, నేను కట్టిన ముడిని విప్పించి మళ్లీ కట్టించారు. ఆ తరువాత నడక కన్నా ముందు పడటం నేర్పారు: మోకాళ్లు వంచి పక్కకు ఒరగాలి, చేతులు వెనక్కి ఆనించకూడదు, లేచేటప్పుడు ఒక మోకాలిని నేలకు ఆనించి రెండో పాదంపై బరువు వేయాలి. గంట ముగిసేసరికి నేను పక్షవాతం వచ్చిన కొంగలా కాక, మామూలు మనిషిలా ముందుకు కదలగలిగాను. పక్కనే ఆరేళ్ల పిల్లలు వెనక్కి స్కేటింగ్ చేస్తూ పోతుంటే ఆ విజయాన్ని ఎవరికీ చెప్పుకోలేకపోయాననేది వేరే సంగతి.

ఇంత నైపుణ్యమున్న మనిషి పర్యాటకుల తాళ్లు కట్టే పని ఎందుకు చేస్తున్నారో తెలుసుకుంటే ఈ సేవ విలువ సరిగ్గా అర్థమవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం లేహ్, కార్గిల్ జిల్లాలు రెండూ కలిసినా లద్దాఖ్ జనాభా 2,74,289. అదే ఏడాది మన కాకినాడ నగరంలోనే అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. భారత ఐస్ హాకీ జట్లలో ఆడేవారిలో అత్యధికులు ఈ చిన్న ప్రాంతం నుంచే వస్తారు. అక్కడ ఈ ఆట సైన్యం ద్వారా వేళ్లూనుకుంది. తొలి తరం వారు సైనిక బూట్ల అడుగున లోహపు పట్టీలు బిగించుకుని చెరువులపై ఆడారు. 1989లో భారత ఐస్ హాకీ సంఘానికి అంతర్జాతీయ సమాఖ్య సభ్యత్వం వచ్చినా, పురుషుల జట్టు తొలి అంతర్జాతీయ పోటీ ఆడటానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 2009లో అబుధాబిలో ఛాలెంజ్ కప్ ఆఫ్ ఆసియాలో ఆ ముచ్చట తీరింది. అంటే ఒక ఆటగాడు చెరువుపై ఆడటం మొదలుపెట్టి, పెద్దవాడై, ఆట మానేసినా దేశం తరఫున ఆడే అవకాశమే రాని తరం ఒకటి అక్కడ గడిచిపోయింది.

ఇప్పటికీ లద్దాఖీ ఆటగాడి జీవితంలో ఏటా మంచు ఉండేది డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి నడిమి వరకు, అంటే దాదాపు రెండు నెలలు. మిగతా పది నెలలు బతుకుతెరువు వేరే చూసుకోవాలి. దానికి దొరికే ఖాయమైన దారి యూనిఫారం. సైన్యంలో లద్దాఖ్ స్కౌట్స్, కేంద్ర బలగాల్లో ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం) ఐస్ హాకీ జట్లను పోషిస్తున్నాయి. దేశవాళీ పోటీల చివరి దశల్లో ఈ జట్లే తరచుగా కనిపించడానికి కారణం జీతంతో పాటు సాధనకు సమయం కూడా దొరకడమే. ఆ దారి దొరకనివారు వేసవిలో పర్యాటకులకు దారి చూపిస్తారు, టాక్సీ నడుపుతారు, హోటళ్లలో పనిచేస్తారు, చదువుకుంటారు. గోల్‌కీపర్ నూర్ జహాన్ కథ వీటన్నిటికీ భిన్నమైనది: ఆమె భారత మహిళల జట్టు గోలు కాపాడుతూనే, లేహ్‌లో పాత థంకా చిత్రాలను (గుడ్డపై గీసే బౌద్ధ చిత్రాలను), రాతప్రతులను పరిరక్షించే వృత్తిలో పేరు తెచ్చుకున్నారు. అతి జాగ్రత్తగా పాత రంగును శుభ్రపరిచే చేతులే దూసుకువచ్చే రబ్బరు బిళ్ల అయిన పక్‌ను ఆపుతున్నాయని తలచుకుంటే నాకు ఆశ్చర్యం తగ్గదు.

మహిళల జట్టు ప్రయాణం పురుషులకన్నా ఆలస్యంగా మొదలై, వేగంగా సాగింది. మొదట్లో అబ్బాయిల సాధన ముగిశాక మిగిలిన మంచే అమ్మాయిలకు దక్కేది. 2016లో తైపేలో తొలి అంతర్జాతీయ పోటీకి వెళ్లడానికి వారు ప్రజల నుంచి చందాలు పోగుచేసుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌పై 4-3 తేడాతో తొలి గెలుపు సాధించారు. ఆ రోజుల్లో జట్టుకు రించెన్ డోల్మా సారథ్యం వహించారు. 2018 జనవరిలో కెనడాకు చెందిన ఒలింపిక్ విజేత హేలీ వికెన్‌హైజర్, ఉత్తర అమెరికా వృత్తి ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ మాజీ ఆటగాడు ఆండ్రూ ఫెరెన్స్ సామగ్రితో లద్దాఖ్ వచ్చి వీరితో కలిసి ఆడారు. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన మహిళల ఆసియా కప్‌లో భారత జట్టు కాంస్యం గెలుచుకుంది. చెరువు పక్కన మంచులో కూర్చొని, మాకు పాఠం చెప్పిన యువతి ఈ పతకం సంగతి చెప్పినప్పుడు గొంతులో గర్వం కన్నా, 'ఇకనైనా వేసవిలో మంచు దొరుకుతుందా' అన్న ఆరాటమే ఎక్కువగా వినిపించింది. ఆ ఆరాటం న్యాయమైనదే. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతకాల క్రీడల కోసం కట్టిన అంతర్జాతీయ ప్రమాణాల రింక్ (యంత్రాలతో మంచు గడ్డకట్టించే మైదానం) ఏళ్ల తరబడి మూతపడి ఉండి, 2025లో మళ్లీ తెరుచుకుంది. దేశంలో రింక్ ఉండి కూడా క్రీడాకారులు చెరువు గడ్డకట్టే వరకు ఎదురుచూడాల్సి రావడం మన క్రీడా పాలన తీరుకు చక్కని నమూనా.

ఇక పోటీలు చూడటం గురించి. 2024 జనవరిలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ లద్దాఖ్ యంత్రాంగంతో కలిసి మొదలుపెట్టిన లీగ్, ఖేలో ఇండియా శీతకాల క్రీడల ఐస్ విభాగం, ఇతర స్థానిక పోటీలు ఎన్.డి.ఎస్. స్టేడియంలోను, గుపుక్స్ చెరువుపైన జరుగుతాయి. లీగ్ జట్ల పేర్లు పురిగ్ వారియర్స్, చాంగ్లా బ్లాస్టర్స్ వంటివి. పేర్లలోనే లోయలు, కనుమలు ఉండటం వల్ల ప్రేక్షకుల పక్షపాతం ఊళ్లవారీగా ఉంటుంది. కార్గిల్ వైపు నుంచి వచ్చిన జట్టు ఆడేటప్పుడు ఆ వైపు పెద్దలు శాలువాలు కప్పుకుని ఒకే వరుసలో కూర్చోవడం చూశాను. ఆట చూడటానికి ఎంతో బాగుంటుంది. జట్టుకు గోల్‌కీపరుతో కలిపి ఆరుగురే మంచుపై ఉంటారు. నిమిషం కూడా నిండకుండా మనుషులు మారుతూ ఉంటారు. సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతుల గాలి మాత్రమే ఉన్న ఎత్తులో ఆ పరుగు ఎంత కష్టమో, హోటల్ మెట్లు ఎక్కి ఆయాసపడినవారికి వెంటనే తెలుస్తుంది. నేను చూసిన ఆటలకు టికెట్టు లేదు. లోపాలు కూడా ఉన్నాయి: ఏ ఆట ఎప్పుడన్నది ముందు రోజు సాయంత్రం వరకు ఖరారు కాదు, వాతావరణాన్ని బట్టి వేళలు మారతాయి, ఆటగాళ్ల పేర్లు తెలిపే పత్రం దొరకదు. కొత్తగా వచ్చిన ప్రేక్షకుడు ఎవరు గోలు కొట్టారో పక్కవారిని అడిగి తెలుసుకోవలసిందే.

లీగ్ వల్ల ఆటగాళ్ల జీవితాలు బాగుపడ్డాయా అంటే, కొంతవరకు బాగుపడ్డాయని చెప్పగలను. చూసే కళ్లు పెరిగాయి, ఊళ్లలో చిన్న జట్లకు పెద్ద వేదిక దొరికింది. కానీ కొద్ది రోజుల్లో ముగిసే లీగ్ ఏడాది జీతానికి ప్రత్యామ్నాయం కాదు. కాబట్టే ఆ యువతి వంటివారికి పర్యాటకుల పాఠం రుసుము నిజంగా అవసరమైన రాబడి. దీనిని సరదా ఖర్చుగా భావించి బేరమాడే మనవాళ్లు కొందరు అక్కడ కనిపించారు. అది తగదని మర్యాదగానే చెప్పాను.

అద్దె సామగ్రి విషయానికి వస్తే నా ఫిర్యాదు గట్టిదే. మేము స్కేట్లు తీసుకున్న దుకాణంలో కొలతలు సరిపోయే జత దొరకలేదు. రెండు వేళ్లు పట్టేంత వదులున్న జతను మేజోళ్లు రెండు వేసుకుంటే సరిపోతుందని అంటగట్టారు. లోపలి అస్తరు తడిగా ఉంది. ఆ చలిలో తడి అస్తరు అంటే పావుగంటలో వేళ్లు మొద్దుబారడమే. శిరస్త్రాణం, మోచేతి, మోకాలి రక్షణలు అడిగితే గానీ ఇవ్వలేదు. అవి లేకుండా కొత్తవారిని గడ్డకట్టిన నీటిపైకి పంపడం బాధ్యతారాహిత్యం. అద్దెకు ముందు పాఠం చెప్పేవారితో మాట్లాడి, వారు సూచించిన చోటే తీసుకుని ఉంటే ఈ ఇబ్బంది తప్పేది. ఐస్ హాకీ సామగ్రిలో నాణ్యమైనదంతా దాదాపుగా విదేశాల నుంచే రావాలి కనుక, మంచి జతలు ఆటగాళ్ల దగ్గరే ఉంటాయి, దుకాణాల్లో ఉండవు.

పిల్లలకు రోలర్ స్కేటింగ్ నేర్పిస్తున్న తల్లిదండ్రులకు ఈ ప్రయాణాన్ని ప్రత్యేకంగా సిఫారసు చేస్తాను. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో కాంస్యాలు గెలిచిన అనూప్ కుమార్ యామా హైదరాబాద్ వాడు. తెలంగాణకు చెందిన నయనశ్రీ తాళ్లూరి ఖేలో ఇండియా శీతకాల క్రీడల్లో లేహ్ మంచుపైనే ఐస్ స్కేటింగ్ స్వర్ణం గెలిచింది. చక్రాలపై నిలదొక్కుకున్న పిల్లలు పెద్దల కన్నా చాలా త్వరగా బ్లేడుపై నిలబడతారని మా బృందంలోని పిల్లలను చూసి నాకు నమ్మకం కుదిరింది. ఆగడం ఒక్కటే వారికి కొత్తగా నేర్పాల్సి వచ్చింది.

వెళ్లదలచినవారు జనవరి రెండో వారం తరువాతకు ప్రయాణం పెట్టుకోవాలి. చేరిన మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోకుండా మంచు మీదకు దిగకూడదు. తలనొప్పి, వాంతి భావం ఉంటే పాఠం వాయిదా వేసుకోవాలి. ఆ కాలంలో చాలా హోటళ్లు మూసి ఉంటాయి, తెరిచిన చోట కూడా గొట్టాల్లో నీరు గడ్డకట్టి బకెట్లతో ఇస్తారు. రుసుమును మధ్యవర్తి చేతికి కాక, పాఠం చెప్పినవారి చేతికే ఇవ్వండి, వారి ఫోన్ నంబరు అడిగి తీసుకోండి. మరుసటి ఏడు వెళ్లే మీ స్నేహితులు ఎవరి దగ్గర నేర్చుకోవాలో ముందే తెలుస్తుంది.