ఆరడుగుల రెండంగుళాల మనిషి, ఐదడుగుల తొమ్మిదంగుళాల మంచం

కొత్తపట్నం బీచ్‌లో మొదటి రాత్రి వ్యాను రేకును కాళ్లతో తన్నుతూనే తెల్లారింది నాకు. వ్యాను మా బావమరిదిది. వెనక సీట్లు పీకేసి, ప్లైవుడ్‌తో అడ్డంగా మంచం కొట్టించుకున్నాడు. వాళ్లింట్లో ఐదున్నర అడుగులు దాటినవాళ్లు లేరు. నేను ఆరడుగుల రెండంగుళాలు.

మంచం పొడవు 69 అంగుళాలు, వెడల్పు 48. ఐమూలగా పడుకుంటే ఏడడుగులు వస్తుందని లెక్క వేశాను. లెక్క తప్పు కాదు గానీ మూలల్లో తల పడుతుంది, భుజాలు పట్టవు. మా ఆవిడకు రెండు త్రికోణాలు మిగిలాయి. ఆమె ముందు సీటు వాల్చుకుని పడుకుంది, పొద్దున టీ నన్నే పెట్టమంది.

కొత్తపట్నంలో రాత్రి గాలి ధారాళం, పగలు నీడ తక్కువ. పాలూ నీళ్లూ ఒంగోల్లోనే నింపుకుని రావడం మేలు. ఇంకో సంగతి, పొద్దున పరుపెత్తితే అడుగంతా చెమ్మ. ఒంటి వేడి, సముద్రపు తేమ కిందికి దిగి, గాలాడని ప్లైవుడ్ మీద నిలిచిపోయాయి.

రెండో రాత్రి పంతం వదిలి నెల్లూరులో లాడ్జి తీసుకున్నాం. ఏసీ, వేడినీళ్లు, దుప్పట్లు, దేనికీ వంక పెట్టలేను. మంచమే ఆరడుగులు, పైగా కాళ్ల వైపు నిలువుగా చెక్క పలక! నిన్న ఊరికే రేకును తన్నాను, ఇవాళ 1,400 రూపాయలిచ్చి చెక్కను తన్నాను. పొడుగువాళ్లు గది తీసుకునే ముందు ఏసీ సంగతి తర్వాత, ఆ పలక ఉందో లేదో చూసుకోవాలి. అది లేకపోతే పాదాలు బయటికి వేలాడేసుకోవచ్చు. నులకమంచం మీద నేను పెరిగింది అలాగే.

పొద్దున పరుపుల కొట్లో ఆరంగుళాల మెత్తటి ఫోం బేరమాడుతుంటే, పక్క కొట్టు వడ్రంగి మేస్త్రి వ్యానులోకి తొంగి చూశాడు. "ఏంది సామీ, మంచం పొట్టిదైతే పరుపు మారిస్తే ఏమొస్తాది? మంచం తిప్పు."

బోల్టులు విప్పి నిలువుగా తిప్పాడు. పక్కన 21 అంగుళాల నడవ మిగిలింది. కాళ్ల వైపు తొమ్మిదంగుళాల చెక్క రెక్కను మడతబందులతో బిగించి, కింద ముడుచుకునే కాలు పెట్టాడు. మొత్తం 78 అంగుళాలు. నా ఎత్తు 74 కదా, మిగతా నాలుగూ దండగ అనుకోకండి. వెల్లకిలా పడుకుంటే కాలివేళ్లు ముందుకు వాలతాయి, తల దిండు మీద ఇంకాస్త పైకి జరుగుతుంది. పగలు రెక్క దించేస్తే స్టవ్ దగ్గరికి దారి.

పరుపు నాలుగంగుళాల గట్టిది తీసుకున్నాం. మెత్తటిదైతే నా బరువుకు నడుం దగ్గరే గుంట పడుతుంది. రెక్క మడవాలి కాబట్టి పరుపూ రెండు ముక్కలే. అతుకు నడుం కింద పడితే నరకం, అందుకని చీలమండల దగ్గర పడేలా కోయించాం. చెమ్మ పోవడానికి ప్లైవుడ్ నిండా అంగుళం బెజ్జాలు. పరుపు కాక అన్నీ కలిపి 1,900. మేం చేపల పులుసు తిని వచ్చేసరికి పని ముగిసింది.

మైపాడు బీచ్‌లో శనివారం రాత్రి కాళ్లు హాయిగా చాపుకున్నాను గానీ జనం సందడి, దోమలు కునుకు పట్టనివ్వలేదు. అక్కడికి మామూలు రోజుల్లో వెళ్లండి, దోమతెర మరవకండి.

పెంచలకోన మాత్రం వేరు. వెలిగొండల నీడ, చల్లటి గాలి, పొద్దున్నే పెనుశిల లక్ష్మీనరసింహస్వామి దర్శనం. బండి ఆపిన చోటు వాలు. తల పల్లానికి వచ్చేలా పడుకుని, గంటకే తల బరువెక్కి లేచాను. బండి తిప్పి తల మిట్టవైపు పెట్టుకున్నాక తెల్లవార్లూ కదల్లేదు.

మా ఆవిడ ఫిర్యాదు ఒక్కటే. వెడల్పు నాలుగడుగులే ఉండిపోయింది, నేనేమో పొడవు దొరికాక మోచేతులు కూడా చాపుతున్నానట. బండి అప్పగించేటప్పుడు మంచం తిరిగిన సంగతి వాళ్ల తమ్ముడికి తనే చెబుతానంది.