274వ పేజీ పట్టికతో మాన్‌స్టర్లు తయారు చేయడం: ఏళ్ల వాడకం తర్వాత ఒక డీఎం సమీక్ష

టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్ కోసం 2014లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్ తొమ్మిదో అధ్యాయంలో, 274వ పేజీలో ఒక పట్టిక ఉంది. ఛాలెంజ్ రేటింగ్ (మాన్‌స్టర్, అంటే శత్రు జీవి, ఎంత కష్టమో చెప్పే అంకె) సున్నా నుంచి 30 దాకా వరుసగా ఇచ్చి, ఆ రేటింగ్ మాన్‌స్టర్‌కి ఆర్మర్ క్లాస్ (దానికి దెబ్బ తగలాలంటే పాచిక చేరాల్సిన అంకె) ఎంత ఉండాలి, హిట్ పాయింట్లు (ప్రాణం) ఎన్ని ఉండాలి, రౌండ్‌కి (అందరూ ఒక్కో టర్న్ ఆడే చుట్టుకి) ఎంత డ్యామేజ్ చేయాలి, అటాక్ బోనస్ (దాని దాడి పాచికకి కలిపే అంకె) ఎంత, సేవ్ డీసీ (దాని శక్తుల్ని తప్పించుకోవడానికి ఆటగాడి పాచిక చేరాల్సిన అంకె) ఎంత అని చెబుతుంది. ఈ ఆటలో సొంత మాన్‌స్టర్ కావాలనుకున్న డీఎం, అంటే ఆట నడిపే డంజన్ మాస్టర్, ఎప్పుడో ఒకప్పుడు ఈ పేజీ తెరవాల్సిందే. హైదరాబాద్‌లో మా బృందానికి ఆట నడుపుతూ ఏళ్లుగా దీన్ని వాడుతున్నాను. డ్యామేజ్ విషయంలో ఈ పట్టికను నమ్మొచ్చు. హిట్ పాయింట్ల అంకెల్ని బాగా తగ్గించి వాడుకోవాలి. ఆటగాళ్ల టర్న్ లాగేసుకునే శక్తులుంటే మాత్రం దీని మీద ఆధారపడకూడదు.

లెక్క ఎలా నడుస్తుందో ముందు చూద్దాం. మాన్‌స్టర్‌కి రెండు రేటింగులు విడివిడిగా కడతారు: రక్షణకి ఒకటి, దాడికి ఒకటి. హిట్ పాయింట్లు ఏ వరుసలో పడ్డాయో చూసి, ఆర్మర్ క్లాస్ ఆ వరుసలో ఉన్నదానికంటే రెండు ఎక్కువైతే ఒక మెట్టు పెంచాలి, రెండు తక్కువైతే ఒక మెట్టు దించాలి. దాడికీ అంతే. మొదటి మూడు రౌండ్లలో చేసే డ్యామేజ్ సగటు తీసుకుని, అటాక్ బోనస్‌ని బట్టి సర్దాలి. చివరికి రెండింటి సగటే అసలు రేటింగ్.

ఆటలోని జీవుల పుస్తకం, 2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఉన్న ట్రోల్‌తో ఈ లెక్క సరిచూస్తే అందంగా సరిపోతుంది. దానికి 84 హిట్ పాయింట్లు, రౌండ్‌కి 10 చొప్పున తిరిగి వస్తాయి. అలా తిరిగొచ్చేవాటిని మూడింతలు చేసి కలపమని పుస్తకం చెబుతుంది కాబట్టి 114, అంటే రేటింగ్ 3 వరుస. ఆర్మర్ క్లాస్ 15, ఆ వరుసలో ఉండాల్సింది 13, కాబట్టి రక్షణ 4. కాటుకి 7, రెండు గోళ్ల దెబ్బలకి 22, మొత్తం 29. అది రేటింగ్ 4 వరుస. అటాక్ బోనస్ +7, ఉండాల్సింది +5, కాబట్టి దాడి 5. సగటు నాలుగున్నర, పైకి తీసుకుంటే 5. పుస్తకంలో ట్రోల్ రేటింగ్ కూడా 5.

అదే ఓగర్‌తో చేసి చూడండి. 59 హిట్ పాయింట్లు అంటే రేటింగ్ 1/2 వరుస. ఆర్మర్ క్లాస్ 11 కాబట్టి ఇంకో మెట్టు దిగి 1/4. దుడ్డుకర్ర దెబ్బకి 13 డ్యామేజ్ అంటే రేటింగ్ 1, అటాక్ బోనస్ +6 కాబట్టి 2. సగటు 1 చుట్టుపక్కల వస్తుంది. పుస్తకంలో మాత్రం ఓగర్ రేటింగ్ 2. పట్టిక ప్రకారం రేటింగ్ 2 మాన్‌స్టర్‌కి 86 నుంచి 100 హిట్ పాయింట్లు ఉండాలి, ఓగర్‌కి ఉన్నవి అందులో దాదాపు మూడింట రెండొంతులే.

ఈ రెండింట్లో ఆట బాగా సాగేది ఓగర్ అంకెలతోనే. రెండో లెవెల్ ఆటగాళ్లు నలుగురు, ఒక్కొక్కరు దెబ్బకి 8 దాకా డ్యామేజ్ చేస్తారు, మూడింట రెండు దెబ్బలు తగులుతాయి అనుకుందాం. రౌండ్‌కి 21 వస్తుంది. 90 హిట్ పాయింట్ల మాన్‌స్టర్ చావడానికి నాలుగు రౌండ్లు దాటుతుంది, 60 అయితే మూడు రౌండ్లలో పోతుంది. అంకెల్లో ఒకటిన్నర రౌండే తేడా, కానీ టేబుల్ దగ్గర అది అరగంట. మూడో రౌండ్ దాటాక కొత్తగా ఏమీ జరగదు. పాచికలు పడుతుంటాయి, డీఎం తీసివేతలు చేస్తుంటాడు, ఎవరో ఒకరు ఫోన్ తీస్తారు. "ఇంకా చావలేదా అన్నా ఇది?" అని మా బార్డ్ (పాటగాడి పాత్ర ఆడేవాడు) అడిగాడంటే హిట్ పాయింట్లు ఎక్కువైనట్టే లెక్క. అందుకే పట్టిక చెప్పిన హిట్ పాయింట్లలో మూడో వంతు కోసేసి, డ్యామేజ్‌ని కొంచెం పైకి జరుపుతాను. మాన్‌స్టర్ తొందరగా పోతుంది, కానీ ఉన్నంతసేపూ ఆటగాళ్లకి టెన్షన్ ఉంటుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మాన్‌స్టర్ గురించి. నాలుగో లెవెల్ బృందం కోసం కొరివి దెయ్యాన్ని తయారు చేశాను. పల్లెటూరి బంధువులున్న ప్రతివాళ్లూ దాని కథలు వినే ఉంటారు. రాత్రిపూట పొలాల్లో దూరంగా ఒక మంట కదులుతుంది, దాని వెంట వెళ్లినవాడు దారి తప్పుతాడు. నిజానికి మాన్‌స్టర్ మాన్యువల్‌లో దాదాపు ఇలాంటిదే విల్ ఓ ద విస్ప్ ఉంది, రేటింగ్ 2. పేరు మార్చి అదే వాడుకోవచ్చు. కానీ దానికి ఆర్మర్ క్లాస్ 19, హిట్ పాయింట్లు 22. తగలనే తగలదు, తగిలితే రెండు మూడు దెబ్బలకి అయిపోతుంది. నాకు కావాల్సింది ఒక్క రాత్రి అంతా నడిచే వేట.

అంకెలు ముట్టుకోకముందే ఒక ప్రశ్నకి జవాబు రాసుకున్నాను: ఈ పోరాటంలో ఆటగాళ్లు మామూలుగా చేయని పని ఏం చేయాలి? నీళ్లు వెతకాలి. అదే జవాబు. కుండెడు నీళ్లు పోసినా, నీటి మంత్రం ఏది వేసినా దాని మంట ఒక రౌండ్ ఆరిపోతుంది. ఆ రౌండ్‌లో మాత్రమే మామూలు ఆయుధాలు దానికి పూర్తిగా తగులుతాయి. మిగతా సమయంలో సగం డ్యామేజే. పొలం కాబట్టి బావి ఉంటుంది, కాలవ ఉంటుంది, కానీ పోరాటం మొదలైన చోట ఉండవు.

తర్వాతే పట్టిక దగ్గరికి వెళ్లాను. హిట్ పాయింట్లు 13డి8+13 (ఎనిమిది ముఖాల పాచికలు 13 వేసి, 13 కలపడం), సగటున 71. మామూలు ఆయుధాలకి రెసిస్టెన్స్ (సగం డ్యామేజే తగలడం) ఉంది కాబట్టి, రేటింగ్ 4 లోపు మాన్‌స్టర్‌కి హిట్ పాయింట్లు రెట్టింపుగా లెక్కపెట్టమంటుంది పుస్తకం. 142 అయ్యాయి, అంటే రేటింగ్ 5 వరుస. ఆర్మర్ క్లాస్ 13 కాబట్టి రక్షణ 4. రెండు నిప్పు దెబ్బలు, ఒక్కోటి 2డి6+3, కలిపి 20 డ్యామేజ్. అటాక్ బోనస్ +5. దాడి 3. సగటు పైకి తీస్తే రేటింగ్ 4.

ఈ విధానంలో అన్నిటికంటే పెద్ద లోపం ఇక్కడే కనిపిస్తుంది. బృందంలో అందరి దగ్గరా మేజిక్ ఆయుధాలో మంత్రాలో ఉంటే ఆ రెసిస్టెన్స్ ఉన్నా లేనట్టే. అప్పుడు 71 హిట్ పాయింట్లు రేటింగ్ 1 వరుసలో పడతాయి, సగటు 2కి దిగిపోతుంది. ఒకే జీవి ఒక బృందానికి 1,100 ఎక్స్‌పీ (ఓడిస్తే వచ్చే అనుభవ పాయింట్లు) విలువైన శత్రువు, ఇంకో బృందానికి 450. ఆటగాళ్లకి దాన్ని ఎదుర్కొనే మార్గం ఉందో లేదో చూసుకోమని పుస్తకం ఒక మాట అంటుంది, అంతకుమించి సాయం చేయదు. కాబట్టి రెసిస్టెన్స్ పెట్టే ముందు ఆటగాళ్ల క్యారెక్టర్ షీట్లు ముందు పెట్టుకుని కూర్చోవాలి. ఎవరో తెలియని బృందం కోసం రాస్తుంటే రెసిస్టెన్స్ మానేసి, ఆ మేరకు హిట్ పాయింట్లు పెంచడం మేలు.

కొరివి దెయ్యానికి ఇంకో శక్తి ఇచ్చాను. మంటని చూసినవాడు విజ్‌డమ్ సేవ్ (శక్తిని తప్పించుకోవడానికి వేసే పాచిక) తప్పితే తన టర్న్‌లో దాని వైపే నడవాలి. ఈ శక్తి రేటింగ్‌ని కొంచెం కూడా కదిలించదు, ఎందుకంటే అందులో డ్యామేజ్ లేదు. నలుగురిలో ఒకరి టర్న్ పోయిందంటే బృందం బలంలో పావు వంతు పోయినట్టే. ఇద్దరివి పోతే సగం. అందుకే నాకు నేను కొన్ని హద్దులు పెట్టుకున్నాను: ఒకసారికి ఒక్కరి మీదే పనిచేయాలి, ప్రతి టర్న్ చివర మళ్లీ సేవ్ వేసుకునే అవకాశం ఉండాలి, దెబ్బ తగిలితే వెంటనే తెగిపోవాలి. స్నేహితుడిని చెంపదెబ్బ కొట్టి మేల్కొలపడం ఆటగాళ్లకి మహా సరదా కూడా.

డ్యామేజ్ మాత్రమే చూస్తే ఏమవుతుందో తెలియడానికి పుస్తకంలోని మాన్‌స్టర్లే చాలు. షాడో రేటింగ్ 1/2, హిట్ పాయింట్లు 16. కానీ దాని ప్రతి దెబ్బా స్ట్రెంగ్త్‌ని (బలం అంకెని) 1డి4 తగ్గిస్తుంది, సున్నాకి చేరితే చావే. స్ట్రెంగ్త్ 8 ఉన్న విజర్డ్ హిట్ పాయింట్లు మిగిలుండగానే మూడు నాలుగు దెబ్బలకి పోవచ్చు. ఇంటెలెక్ట్ డివౌరర్ రేటింగ్ 2. ఇంటెలిజెన్స్ తక్కువున్న ఫైటర్ ఒక్క సేవ్ తప్పితే, పాచికలు కలిసిరాకపోతే, వాడి ఇంటెలిజెన్స్ సున్నా అవుతుంది. కొత్త బృందం మీద ఈ రెండింటినీ వాటి రేటింగ్ చూసి వదలొద్దని కొత్త డీఎంలందరికీ చెబుతుంటాను. సొంతంగా ఇలాంటి శక్తి రాస్తే, రేటింగ్‌కి కనీసం ఒకటి కలిపి చూసుకోండి.

ఒంటరి మాన్‌స్టర్ల సంగతి వేరు. నలుగురు ఆటగాళ్లకి రౌండ్‌లో నాలుగు టర్న్‌లు, దానికి ఒక్కటి. చీమల గుంపు మధ్య పడిన తేలు గతే దానిది. లెజెండరీ యాక్షన్లు ఇందుకే ఉన్నాయి: వేరేవాళ్ల టర్న్ అవ్వగానే మాన్‌స్టర్ ఒక చిన్న పని చేస్తుంది, మామూలుగా రౌండ్‌కి మూడు. పుస్తకంలో ఇవి ఎక్కువగా డ్రాగన్లకి, అలాంటి పెద్ద జీవులకే ఉంటాయి. నేను రేటింగ్ 4 మాన్‌స్టర్‌కి కూడా ఒకటి రెండు ఇస్తాను, అందులో ఒకటైనా డ్యామేజ్ లేని కదలిక అయ్యేలా చూస్తాను. కొరివి దెయ్యం ఎవరి టర్న్ అయినా అయిపోగానే ముప్పై అడుగులు ఎగిరి వేరే గట్టు మీదికి పోతుంది. ఈ ఒక్క కదలికతో ఆటగాళ్లు మ్యాప్ మొత్తం వాడారు, కాలవ దగ్గరికి దాన్ని తోలుకెళ్లడానికి పథకాలు వేశారు.

అంకెలు కాక, అసలు ఆలోచన ఎక్కడినుంచి రావాలి అని చాలామంది అడుగుతారు. ఈ ఆట పుట్టిన 1970లలోనే దానికి మంచి ఉదాహరణ ఉంది. ఆటని రూపొందించిన ఇద్దరిలో ఒకరైన గ్యారీ గైగాక్స్ చవకగా దొరికే ప్లాస్టిక్ బొమ్మల సంచీ ఒకటి కొన్నాడు. హాంకాంగ్‌లో చేసిన వింత ఆకారాలవి. వాటిలోంచే రస్ట్ మాన్‌స్టర్, అవుల్‌బేర్, బులెట్ అనే జీవులు పుట్టాయి. వాటిలో రస్ట్ మాన్‌స్టర్‌ని చూడండి. అది మనిషిని చంపడానికి రాదు, కవచం తినడానికి వస్తుంది. ఇనుము వేసుకుని ధైర్యంగా ముందు నిలబడే ఫైటర్ ఒక్కసారిగా వెనక్కి పరుగెత్తాలి. ఆటగాళ్లు చేయని పని చేయించడం అంటే ఇదే, యాభై ఏళ్లయినా దాని పదును తగ్గలేదు.

పుస్తకంలోని రాక్షస అనే మాన్‌స్టర్ గురించి ఒక మాట. పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు, రేటింగ్ 13, ఆరో లెవెల్ దాకా ఏ మంత్రమూ పనిచేయదు. మారీచుడి కథ వింటూ పెరిగిన మా బృందానికి ఆ పులి తల అతకలేదు. అంకెలన్నీ అలాగే ఉంచి, పులి తల తీసేసి, ఎవరికి ఏది ఆశో ఆ రూపంలో కనిపించేలా మార్చాను. గంట కూడా పట్టని పని, టేబుల్ మీద మాత్రం పూర్తిగా కొత్త శత్రువు. ఇలా ఉన్నదానికి వేషం మార్చడం అన్ని పద్ధతుల్లోకీ తేలిక, కొత్త డీఎం ఇక్కడే మొదలుపెట్టాలి.

2024 డంజన్ మాస్టర్స్ గైడ్ ఈ వేషం మార్చే పద్ధతినే ఉంచింది. ఉన్న మాన్‌స్టర్‌ని తీసుకుని చిన్న చిన్న మార్పులు చేయమంటుంది. పాత పట్టిక అందులో లేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది. లోపాలున్నా ఆ పేజీ అంకెల వెనక ఉన్న ఆలోచన చూపించేది. రెసిస్టెన్స్ విలువ ఎంత, ఎగిరే జీవికి ఎంత కలపాలి, మేజిక్ రెసిస్టెన్స్ (మంత్రాలని తట్టుకునే శక్తి) ఉంటే ఆర్మర్ క్లాస్ రెండు ఎక్కువగా లెక్కపెట్టాలి లాంటివన్నీ నేను అక్కడే నేర్చుకున్నాను. 2025 మాన్‌స్టర్ మాన్యువల్‌లో 500కి పైగా జీవులున్నాయి కాబట్టి వేషం మార్చడానికి సరుకు తక్కువేం లేదు. కానీ నేర్చుకోవాలనుకునేవాడికి ఇప్పటికీ 2014 పుస్తకమే దిక్కు.

ఇలాంటిదే ఇంకో ఆట, పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్, ఈ పనిలో ముందుంది, ఒప్పుకోవాలి. ఆట నడిపేవాళ్ల కోసం ఉన్న దాని జీఎం కోర్ పుస్తకంలో లెవెల్ −1 నుంచి 24 దాకా చాలా అంకెలకి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ, అత్యధికం అని విడివిడి విలువలుంటాయి. హిట్ పాయింట్లు ఎక్కువ, దాడి తక్కువ అని ముందే స్వభావం ఎంచుకుని అంకెలు ఏరుకోవచ్చు, సగటు గోల ఉండదు. ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. ఐదో ఎడిషన్ ఆడేవాళ్లు కూడా ఆ అధ్యాయం చదివితే బాగుంటుంది. అంకెలు ఇక్కడికి పనికిరావు, ఆలోచించే తీరు పనికొస్తుంది.

పెద్ద లెవెళ్లకి వస్తే, పదో లెవెల్ దాటిన బృందానికి ఈ పట్టిక వాడటం మానేశాను. రేటింగ్ 20కి 356 నుంచి 400 హిట్ పాయింట్లు అంటుంది. ఆ స్థాయిలో ఆటగాళ్ల మంత్రాలు హిట్ పాయింట్ల జోలికే పోకుండా పోరాటం ముగించేస్తాయి. మాన్‌స్టర్‌కి లెజెండరీ రెసిస్టెన్స్ (తప్పిన సేవ్‌ని గెలిచినట్టు మార్చుకునే శక్తి) ఎన్నిసార్లుంది, అది ఎగరగలదా, ఆటగాళ్లని విడదీయగలదా అన్నవే అక్కడ గెలుపోటములు తేలుస్తాయి. కాబట్టి దగ్గరి రేటింగ్ ఉన్న డ్రాగన్‌నో లిచ్‌నో (చచ్చీ చావని మాంత్రికుడు) తీసుకుని, దాని శక్తుల్లో రెండు మార్చి వాడుకుంటున్నాను. ఒకటి నుంచి పదో లెవెల్ దాకా మాత్రం 274వ పేజీ ఇప్పటికీ నా డీఎం స్క్రీన్ (ఆటగాళ్లకి కనబడకుండా అడ్డం పెట్టుకునే అట్ట) లోపలి వైపు అతికించే ఉంది, హిట్ పాయింట్ల వరుస మీద పెన్సిల్‌తో తగ్గించి రాసుకున్న అంకెలతో సహా.