మిషిగన్ నియోజకవర్గాల గీతలు: శాసనసభ గీస్తే ఎలా, కమిషన్ గీస్తే ఎలా?

అమెరికాలో పదేళ్లకోసారి జనాభా లెక్కలయ్యాక ప్రతినిధుల సభ (దేశ చట్టసభలో దిగువ సభ) నియోజకవర్గాల హద్దులు మారతాయి. ఆ గీత ఎవరు గీయాలన్నదే అసలు తగవు. మిషిగన్ రెండు దారులూ చూసింది.

2011లో గీసింది రాష్ట్ర శాసనసభ, అంటే అప్పటి రిపబ్లికన్ మెజారిటీ. 14వ నియోజకవర్గం డెట్రాయిట్‌లో మొదలై మెలికలు తిరుగుతూ పాంటియాక్ దాకా పోయింది. 2012లో రాష్ట్రమంతా కలిపి డెమోక్రాట్లకే ఎక్కువ ఓట్లు పడ్డాయి, కానీ 14 సీట్లలో 9 రిపబ్లికన్లవి. ఓటరుకు ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

అందుకే మామూలు పౌరులు 4 లక్షలకు పైగా సంతకాలు సేకరించారు. 2018లో జనం ఓటేసి ఆ పనిని కమిషన్‌కు అప్పగించారు. అందులో 13 మంది: నలుగురు డెమోక్రాట్లు, నలుగురు రిపబ్లికన్లు, ఏ పార్టీకీ చెందని ఐదుగురు. దరఖాస్తుల్లోంచి లాటరీ తీసి ఎంచుతారు. పదవుల్లో ఉన్న నాయకులకు చోటు లేదు.

ఫలితం కళ్ల ముందే ఉంది. 2020 జనాభా లెక్కల తర్వాత 14 నుంచి 13కి తగ్గిన సీట్లలో 2022లో డెమోక్రాట్లకు 7, 2024లో రిపబ్లికన్లకు 7. ఓటు గాలి మారితే సీట్లూ మారాయి.

కమిషన్‌కూ మచ్చ ఉంది. డెట్రాయిట్ నల్లజాతి ఓటర్లను శివార్లతో కలిపి చీల్చిందన్న బాధ నిజమైనదే. రాష్ట్ర శాసనసభ కోసం అదే కమిషన్ గీసిన 13 స్థానాలను 2023లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. అయినా నా ఓటు కమిషన్‌కే: అక్కడ గీసేవాళ్లకు కాపాడుకోవాల్సిన సొంత సీటు లేదు.